అరచేతిలో అంబాసిడరు

మన ఇండ్లలో బొమ్మలకు కొదువ లేదు. పండుగనాడు కొలువు తీర్చిన మెట్లమీద కొండపల్లి అంబారీ ఏనుగు ప్రక్కనే ఏటికొప్పాక లక్కపిడత ఉంటుంది. ఏనుగుకన్న పిడత ఎత్తుగా ఉన్నదని ఏ చిన్నవాడూ ఆక్షేపించడు. బొమ్మకు ఆ స్వేచ్ఛ ఉన్నది. తాను దేనికి బొమ్మయో దానిని తలపునకు తెస్తే చాలును. దానికి లెక్క అప్పగించవలసిన పని లేదు.

నమూనా అట్లు కాదు. 24వ వంతు కారు అని పేరు పెట్టుకొన్న పిదప దానిలోని ప్రతి భాగమూ ఆ వంతుకు కట్టుబడి ఉండవలెను: చక్రమూ, అద్దమూ, తలుపు సందూ, చివరకు పైని రంగు పూత కూడ. ఈ కట్టుబాటు వినుటకు తేలికగానే ఉంటుంది. ఆచరణలో అది ఎంత కష్టమో, ఆ కష్టములో ఎంత రుచి ఉన్నదో నేను చేతులు కాల్చుకొని తెలిసికొన్నాను. ఆ అనుభవమును, దానివెంట పట్టుబడిన నాలుగు మెళకువలను పాఠకులతో పంచుకొనుటయే ఈ వ్యాసమునకు ఉద్దేశము.

ఈ విద్య మన దేశమున పుట్టినది కాదు. దాని కొలతలే దాని పుట్టిల్లు చెబుతాయి. 24వ వంతు అనగా అడుగునకు అర అంగుళము; అడుగులూ అంగుళాలూ వాడుకలో ఉన్న వారి లెక్క అది. 43వ వంతు అనే వింత సంఖ్య ఇంగ్లండులో ఆటరైళ్ళనుండి వచ్చినది. అక్కడ ఒక తరగతి రైలు నమూనాలను అడుగునకు 7 మిల్లీమీటర్ల చొప్పున చేసేవారు. ఆ రైళ్ళ ప్రక్కన నిలిపే కార్లకు కూడ అదే కొలత అబ్బినది. 25వ వంతు అమెరికా వారిది. అక్కడ కొత్త కార్ల ప్రచారమునకై వ్యాపారులు చిన్న ప్లాస్టిక్ నమూనాలు పంచేవారు. వాటిని చేసిన సంస్థలలో 1948లో ప్రారంభమైన ఎ.ఎం.టి. ఒకటి. అది 1958లో అటువంటి కార్లను విడిభాగాలుగా పెట్టెలో అమర్చి, ఒక్క కారునే మూడు విధాలుగా కట్టుకొనే వీలు కల్పించి అమ్మినది. జపానులోని షిజువొకా నగరమున 1946లో కలప వ్యాపారముగా మొదలైన తమియా సంస్థ కొయ్య నమూనాల మీదుగా ప్లాస్టిక్ నమూనాలకు వచ్చి లోకప్రసిద్ధి పొందినది.

అన్నిటిలోను నన్ను ఆకర్షించినది ఫిషర్ బాడీ క్రాఫ్ట్స్‌మన్స్ గిల్డ్ కథ. జనరల్ మోటార్స్‌లో భాగమైన ఫిషర్ బాడీ వారు 1930లో అమెరికా బాలురకు ఒక పోటీ పెట్టారు. మొదట పోటీకి ఇచ్చినది నెపోలియన్ కాలపు రాజశకటము నమూనా. 1937నుండి తమ ఊహలో పుట్టిన కారును కూడ చేసి పంపవచ్చు నన్నారు. గెలిచినవారికి కాలేజీ చదువునకు ధనసహాయము. ఈ పోటీ 1968 వరకు సాగినది. అందులో పాల్గొన్న కుర్రవాళ్ళు కొందరు పెద్దవారై నిజమైన కార్లకే రూపకల్పన చేశారు. చేతిలో ఇమిడే వస్తువు ఒక జీవితమును మలుపు త్రిప్పగలదని దీనివలన తెలుస్తున్నది.

నాకు బహుమతితో పని లేదు. నాకు కావలసినది ఒక్క కారు మాత్రమే.

మా నాన్నగారు రాజమండ్రిలో 22 ఏండ్లు అద్దె కారు నడిపారు. 1981లో అప్పు చేసి కొన్న తెల్లని అంబాసిడరు అది. భద్రాచలము, అన్నవరము యాత్రలు, పెండ్లి బృందాలు, పురుటికి పుట్టింటికి పోయే ఆడపిల్లలు, అర్ధరాత్రి ఆసుపత్రి ప్రయాణాలు అన్నీ అది చూచినది. నా చదువు, మా చెల్లెలి పెండ్లి దాని చక్రాలమీదనే నడిచినవి. 2003లో దానిని అమ్మివేశారు. అమ్మిన రోజున ఆయన ఏమీ అనలేదు. ఆ తరువాత కూడ ఏమీ అనలేదు. అంబాసిడరు తయారీయే 2014లో ఆగిపోయినది. ఆయనకు ఇప్పుడు ఎనుబది దాటినవి. ఒక్కొక్కప్పుడు మనుమల పేర్లు తడబడుతున్నారు. ఆ కారు ఫొటో మా ఇంట ఒక్కటే మిగిలినది: ప్రక్కనుండి తీసినది, సగము వెలిసిపోయినది. ఆయన తలపులలోనుండి కూడ ఆ కారు జారిపోకముందే దానిని ఒకసారి ఆయన చేతిలో పెట్టవలెనని నాకు తోచినది.

చెడిన మొదటి కారు

తిన్నగా అంబాసిడరుమీద చేయి వేయుటకు ధైర్యము చాలక, చేయి తిరుగుటకై మొదట ఒక విదేశపు కారు కిట్టు తెప్పించాను. పెట్టె తెరువగానే చట్రాలకు అంటుకొని ఉన్న నూరు భాగాలు, ఒక పటాల పుస్తకము. ఆ రాత్రియే కారు నిలబెట్టవలెనన్న ఆత్రము నన్ను పట్టుకొన్నది. ఈ విద్యలో మొదటి శత్రువు ఆ ఆత్రమే.

వానాకాలపు సాయంకాలమున, గోదావరిమీదినుండి తడిగాలి వీస్తూ ఉండగా, డాబామీద నిలబడి రంగు చిమ్మాను. కండ్లముందే ఎర్రరంగుమీద పాలమీగడవంటి తెలుపు కమ్ముకొన్నది. ద్రావకము త్వరగా ఆవిరి అగునపుడు ఆ తలము చల్లబడుతుంది. గాలిలోని తేమ దానిమీద పట్టి పూతలో చిక్కుపడుతుంది. ఎండ పొడిగా కాసే పూట, నీడపట్టున ఈ పని చేయవలెనని అప్పుడు నాకు తెలియదు. చెడిన రంగును తీయుటకు పెయింటు కొట్టులో దొరికే థిన్నరు పోశాను. రంగుతోపాటు ప్లాస్టిక్కు కూడ మెత్తబడి నెర్రెలు విచ్చినది. ఇక అద్దము మిగిలినదికదా అని తక్షణమే అంటుకొనే జిగురుతో దానిని అతికించాను. తెల్లవారి చూస్తే అద్దము పొగమంచు పట్టినట్లున్నది. ఆ జిగురునుండి లేచే ఆవిరి పారదర్శకమైన ప్లాస్టిక్కుమీద తెల్లగా పేరుకొంటుంది. అద్దములకు నీటితో కలిసే తెల్లజిగురే వాడవలెను. అది ఎండితే కనబడదు.

వరండాలో కూర్చొని ఇదంతా చూస్తున్న నాన్నగారు పత్రికమీదినుండి తల ఎత్తకుండనే ఒక్క మాట అన్నారు:

"బ్రేకాయిలు రంగును తినేస్తుందిరా. బండి మీద చుక్క పడితే లబోదిబోమనేవాళ్ళం."

ఆయన అన్నది అక్షరాల నిజము. చెడిన పూతను తొలగించుటకు నమూనాలు చేసేవారు చాలాకాలమునుండి వాడుతున్న పద్ధతులలో అది ఒకటి. కారు రంగును తినే ఆ ద్రవము ఈ కిట్టుల ప్లాస్టిక్కును సాధారణముగా ఏమీ చేయదు. చేతులకు రబ్బరు తొడుగులు వేసికొని, మూత గల గాజుసీసాలో భాగమును నానబెట్టి, పాత పళ్ళబ్రష్షుతో రుద్ది, సబ్బునీటితో కడిగితే చాలును. ఏ ద్రవమునైనను ముందు కనబడని తునకమీద పరీక్షించుట మరువరాదు. ఆ కారు ఎట్లాగూ దక్కలేదు గాని, డ్రైవరు విద్యకూ ఈ విద్యకూ చుట్టరికము ఉన్నదని ఆ పూట గ్రహించాను.

ఇరువది నాలుగు అడుగుల దూరము

తరువాత ఒక తిరునాళ్ళలో ప్లాస్టిక్ అంబాసిడరు ఆటబొమ్మ కనబడినది. అది ఎన్నవ వంతో పెట్టెమీద లేదు. దీనిని తెలిసికొనుటకు సులభమైన ఉపాయమున్నది. కారు ముందు ఇరుసుకూ వెనుక ఇరుసుకూ నడుమ దూరమును కొలువవలెను. బంపర్లు మారవచ్చును, రూపము మారవచ్చును. ఆ దూరము మాత్రము కారుకు వెన్నెముకవంటిది. అసలు అంబాసిడరులో అది సుమారు 2464 మిల్లీమీటర్లు. బొమ్మలో 103 వచ్చినది. భాగిస్తే దాదాపు 24. నా అదృష్టము పండినదనుకొన్నాను. అటుపై చక్రము చూచాను. అసలు కారుకు 15 అంగుళాల రిమ్ము. 24వ వంతున అది సుమారు 16 మిల్లీమీటర్లు కావలెను. బొమ్మకు 13 మాత్రమే ఉన్నది. కనుక ఆ చక్రాలు తీసివేసి, చెడిపోయిన కిట్టు చక్రాలను అరగదీసి వాడుకొన్నాను.

ఈ విద్యలోని మర్మమంతా ఒక్క చిన్న లెక్కలో ఉన్నదని నా నమ్మకము. 24వ వంతు నమూనాను అడుగు దూరమునుండి చూచుట నిజమైన కారును 24 అడుగుల దూరమునుండి చూచుటతో సమానము. వీథిలో నిలిచిన కారును 24 అడుగులు వెనుకకు నడిచి చూడండి. ఏమి కనబడుతున్నది? తలుపు సందు సన్నని గీతగా కనబడుతుంది. మరల తలలు కనబడవు. మెరుపు ఉంటుంది గాని, అద్దములోవలె మన ముఖము కనబడదు. నమూనాలో ఉండవలసినది అంతే. దగ్గరనుండి చూచి తెలిసికొన్నదంతా నమూనాపై కుక్కబోతే అది నగలు మోస్తున్న పసిపాపవలె అవుతుంది.

ఇదే లెక్కను తిరుగవేస్తే మన తప్పులు ఎంత పెద్దవో కూడ తెలుస్తుంది. పూతలో చిక్కుకొన్న ఒక్క తలవెండ్రుక అసలు కారుమీద ఒకటిన్నర మిల్లీమీటర్లకు మించిన పురికొసతో సమానము. బొమ్మకు ఉన్న మిల్లీమీటరు మందపు అద్దము అసలు కారులో అంగుళపు మందమైన గాజు పలక. రంగుమీద రంగు వేస్తూపోయి పూత మిల్లీమీటరులో పదవవంతుకు చేరినదనుకోండి: కారుకు దోసె మందమున రంగు వేసినట్లే. అందువలననే అనుభవము లేనివారి నమూనాలలో తలుపు గీతలు పూడిపోయి, అంచులు మొద్దుబారి, కారు బెల్లపు పాకములో ముంచి తీసినట్లుంటుంది.

పూతకు ముందు

నమూనా అందము పూతలో ఉన్నదని చూచేవారు అనుకొంటారు. చేసేవారికి తెలుసును, అది పూతకు ముందటి పనిలో ఉన్నదని.

మొదట భాగాలన్నిటిని గోరువెచ్చని సబ్బునీటితో కడుగవలెను. అచ్చునుండి ఊడివచ్చుటకు పూసే జిడ్డు, మన చేతుల చమురు పోకుంటే రంగు పట్టదు. అచ్చు రెండు సగాలు కలిసినచోట సన్నని గట్టు ఒకటి కారు ఒడలంతా సాగి ఉంటుంది. అసలు కారుకు అట్టి గట్టు లేదు. దానిని బ్లేడు వీపుతో మెల్లగా గీకి, నీటిలో తడిపిన ఉప్పుకాగితముతో నునుపు చేయవలెను. గరుకైన కాగితముతో మొదలుపెట్టి వరుసగా నునుపైన వాటికి పోవలెను; నడుమ ఒక మెట్టు దాటితే ఆ గీతలు రంగులోనుండి తొంగిచూస్తాయి. పల్లములకు లప్పము పెట్టి, పూర్తిగా ఆరిన పిదప రుద్దవలెను.

తలుపులు, బానెట్టు, డిక్కీ గీతలను పూతకు ముందే లోతు చేయవలెను. దీనికి కూడ బ్లేడు వీపే సాధనము. ఒక్కసారి గట్టిగా లాగితే అది దారి తప్పి తలుపుమీదికి పోతుంది. పదిసార్లు తేలికగా లాగితే గీత దానంతట అదే దిగుతుంది. వేసే పూత కొంత పూడ్చినను, మనము తీసిన లోతు ఇంకను మిగిలి ఉంటుంది.

అటుపై అడుగుపూత. ప్రైమరు అనే పేరు కొత్తది కాని, పని పాతదే. కొండపల్లి పనివారు తేలికైన పొనికి కర్రతో అవయవములు చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికి, పైన సున్నపు పూత ఇచ్చి, ఆ తరువాతనే రంగులు వేస్తారు. మక్కు మనకు లప్పము. సున్నము మనకు ప్రైమరు. అడుగుపూత తప్పులను కప్పుటకు కాదు, చూపుటకు. అంతవరకు కనబడని గీత, గుంట ఒక్కరంగు పడగానే బయటపడుతుంది. అప్పుడు విసుగు పడక మరల ఉప్పుకాగితము అందుకొనేవాడే ఈ విద్యలో నిలుస్తాడు. నేను అంబాసిడరు పైకప్పును నాలుగుసార్లు రుద్దాను.

తెలుపు అనే పరీక్ష

రంగులలో తెలుపు సులభమనుకొంటాము. అది అన్నిటికన్న కఠినము. ముదురు అడుగుపూతను అది కప్పలేదు. కప్పించబోయి దోసె మందము చేస్తాము. కనుక తెల్లకారుకు అడుగుపూత కూడ తెల్లనిదే ఉండవలెను. రంగుడబ్బాను గోరువెచ్చని నీటిలో కొంతసేపు ఉంచితే తుంపర సన్నగా వస్తుంది. దానిని నిప్పుమీదగాని, మరిగే నీటిలోగాని ఎన్నడును పెట్టరాదు. జానెడు దూరమున పట్టి, కారుకు ఈవల చిమ్ముట మొదలుపెట్టి, కారును దాటిన తరువాతనే ఆపవలెను. మొదటి పూత మంచు పడినట్లు పలుచగా, అడుగు కనబడేటట్లు ఉండవలెను. మూడు నాలుగు పలుచని పూతలు ఒక్క మందపు పూతకన్న మేలు. వేసినది వేసినట్లే మూత ఉన్న డబ్బాలో దాచి దుమ్మునుండి కాపాడవలెను. ముక్కుకు ముసుగు, గాలి ఆడే చోటు అవసరమని వేరుగా చెప్పనక్కర లేదు.

కేవల శ్వేతము చిన్న కారుమీద సున్నము కొట్టిన గోడవలె ఉంటుంది. దానిలో చుక్క పసుపు, అంతకు తక్కువ గోధుమరంగు కలిపితే కంటికి తెలుపుగానే ఉండి, కారుకు ప్రాణము వస్తుంది. తలుపు గీతలలో నలుపు పారించుట చాలమంది చేసే తప్పు. ఎర్రకారుకో నల్లకారుకో అది చెల్లుతుంది. తెల్లకారుమీద మసిగీత గీసినట్లుంటుంది. పలుచని బూడిదరంగు చాలును. సన్నని కుంచెతో గీత మొదట ఒక చుక్క తాకిస్తే, దీపపు వత్తిలో నూనె ప్రాకినట్లు అది గీత వెంట తానే పోతుంది.

బొమ్మ బంపర్లకు ఉన్న వెండిమెరుగు మితిమీరినది. గృహావసరమునకు అమ్మే బ్లీచింగు ద్రవములో కొంతసేపు ఉంచితే అది కరగిపోతుంది; ఆ ద్రవమును మరే మందుతోను కలుపరాదు. పిదప సన్నని వెండిరంగు వేసి, ముందరి జాలీ సందులలో పలుచని నలుపు పారించాను. కిటికీల చుట్టు మెరిసే అంచుకు వెనుక జిగురు ఉన్న అతిపలుచని అల్యూమినియము రేకును ఈ పనికే అమ్ముతారు. దానిని పరచి, ఈనెపుల్లకు చుట్టిన దూదితో అద్ది, కొత్త బ్లేడుతో అంచు వెంట కోయవలెను. బ్లేడు కొత్తది కాకుంటే రేకు చిరిగిపోతుంది. మందపు అద్దాలను తీసివేసి, చొక్కాల పెట్టె మూతకు ఉండే పారదర్శకపు రేకును కత్తిరించి పెట్టాను. స్టీరింగు క్రింది గేరు కడ్డీకి సన్నని రాగితీగ. బానెట్టు తెరుచుకొనేటట్లు చేయలేదు. 24 అడుగుల దూరములోని మూసిన బానెట్టు క్రింద ఏమున్నదో ఎవరికి కనబడుతుంది?

ఆరు నెలలు పట్టినది. ప్రక్కన ఫొటో పెట్టి చూచుకొన్నాను. కొలతలో, రూపములో ఎక్కడా తేడా లేదు.

మనది కాదు

ఒక ఆదివారము ఉదయము కాఫీ అయిన తరువాత నాన్నగారి చేతిలో పెట్టాను. ఆయన కండ్లజోడు తుడుచుకొని చాలసేపు చూచారు. అటు త్రిప్పారు, ఇటు త్రిప్పారు.

"కారు చాలా బాగుందిరా అబ్బాయీ," అన్నారు. "కానీ మన కారు కాదు."

నాకు నోట మాట రాలేదు. "ఏం తేడా ఉంది నాన్నగారూ?" అన్నాను.

"మనది వెనక్కి కూర్చునేది. ఎన్ని పెళ్ళిళ్ళు మోసిందనుకున్నావు? ఇది ఇవాళే షోరూములోంచి వచ్చినట్టు నిలబడింది. ఈ కుడి తలుపు అంచు చూడు, మెరుస్తోంది. అక్కడ నా మోచెయ్యి ఉండేది. ఇరవైరెండేళ్ళు."

కొంచెము ఆగి, కుడివైపు ముందు మడ్‌గార్డుమీద వ్రేలు పెట్టారు.

"ఇది వేరే తెలుపు. ఎనభైయారు వరదలప్పుడు రాత్రిపూట ఓ నిండుచూలాల్ని ఆసుపత్రికి తీసుకెళ్తూ, దారి కనపడక ఎడ్లబండికి గీరేశాను. తర్వాత రంగు వేయించాను గాని, కలవలేదు. ఆ పెయింటరు కొంచెం పసుపు ఎక్కువ కలిపేశాడు."

"ఆవిడకేమైంది?"

"కూతురు పుట్టింది. ఆ మొగుడు నాలుగు రోజుల తర్వాత డబ్బులు తెచ్చాడు. వరదలో ఇల్లే పోయినవాడి దగ్గర ఏం తీసుకుంటాం?"

ఈ కథ నేను ఎన్నడూ వినలేదు. అప్పుడు నేను పసివాడిని. మా అమ్మకు తెలిసి ఉండవచ్చును. అడుగుటకు ఇప్పుడు ఆమె లేదు.

ఆ రాత్రి నాకు ఒక సంగతి స్పష్టమైనది. నేను నమ్ముకొన్న లెక్క తప్పు కాదు. కాని అది దారిన పోయేవాని కంటిలెక్క. మా నాన్నగారు ఆ కారును 24 అడుగుల దూరమునుండి చూచినది తక్కువ. ఆయన దానిని లోపలినుండి చూచారు, మోచేతితో చూచారు, నడుముతో చూచారు. నేను ఫొటోలోని కారును చేశాను గాని, ఆయన కారును చేయలేదు.

మరల పని మొదలుపెట్టాను. వెనుక ఇరుసు కుదుళ్ళను అరగదీసి కారును ఒక్క మిల్లీమీటరు క్రిందికి దించాను. అసలు కారులో అది ఇంచుమించు అంగుళము. 22 ఏండ్ల బరువు. కుడి తలుపు అంచును అతినునుపైన ఉప్పుకాగితముతో రెండుసార్లు తాకి మెరుపు చంపాను. మడ్‌గార్డు తప్ప మిగిలినదంతా సన్నని కాగితపు టేపుతో మూసి, తెలుపులో ఇంకొక చుక్క పసుపు కలిపి చిమ్మాను. ఎంత జాగ్రత్తతో సరిపెట్టిన రంగును, అంత జాగ్రత్తతోనే తప్పుగా వేయవలసి వచ్చినది.

దుమ్ము సంగతిలో ఇంకొక పాఠము నేర్చుకొన్నాను. నిజమైన కారుకు నిజమైన మట్టియే పట్టినదికదా అని పెరటి మట్టిని జల్లించి చల్లాను. చక్రాలప్రక్క గులకరాళ్ళు పోసినట్లున్నది! పావు మిల్లీమీటరు ఇసుకరేణువు 24వ వంతు లోకములో ఆరు మిల్లీమీటర్ల గులకరాయి మరి. చిన్న కారుకు దుమ్ము కూడ చిన్నదే కావలెను. గోధుమరంగు, బూడిదరంగు సుద్దముక్కలను ఉప్పుకాగితముమీద అరగదీసి, ఆ పొడిని మెత్తని కుంచెతో చక్రాల గూళ్ళలోను, తలుపుల అడుగునను అద్దాను. పైకి పోయేకొలది తగ్గించాను. ఎక్కడ నీళ్ళు చిమ్ముతాయో, ఎక్కడ చేయి తగులుతుందో, ఎక్కడ వాన కడుగుతుందో ఆలోచించి వేసిన దుమ్మే దుమ్ము, తక్కినది మురికి.

ఈ పనికి పూనుకొనేవారికి నేను చెప్పగల సలహా ఇది: కొలత పుస్తకములో దొరుకుతుంది, మెళకువ చేతికి వస్తుంది, కాని ఎవరి కారును చేస్తున్నారో వారు బ్రతికి ఉంటే మొదట వారిని అడగండి. నేను చివర అడిగాను. అయినను ఆలస్యము కాలేదు.

రెండవసారి కారును చేతిలో పెట్టినప్పుడు నాన్నగారు ముందు పైభాగము చూడనే లేదు. కండ్లజోడు సవరించుకొని, దానిని తలక్రిందులు చేశారు.

"ఇక్కడ ఆయిలు మరకేదిరా? మన ఇంజను రోజూ రెండు చుక్కలు కార్చేది," అన్నారు.

వేశాను. గోధుమరంగులో చిటికెడు నలుపు కలిపి, ఇంజను ఉండవలసినచోట రెండు చుక్కలు. అది ఏ 24 అడుగులనుండియు కనబడదు.

ఇప్పుడు ఆ కారు ఆయన మంచము ప్రక్క గూటిలో ఉన్నది. తెల్లవారగానే దానిని చేతిలోకి తీసికొని, పై కండువాతో ముందు అద్దము, బానెట్టు, తలుపులు వరుసగా తుడుస్తారు. అద్దె కారు నడిపినన్నాళ్ళు మొదటి బేరమునకు ముందు చేసిన పని అదే. నేను అద్దిన దుమ్ము రోజు రోజుకూ తరిగిపోతున్నది. నెలకొకసారి, ఆయన మధ్యాహ్నము నిద్రించినప్పుడు, సుద్దపొడి తెచ్చి మరల అద్దుతున్నాను.